చేతికి వచ్చిన చదువు: ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితం



ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీరు చిన్నప్పుడే బడి పుస్తకంలో చదివి ఉంటారు. చేతిలో దీపం పట్టుకొని, అర్ధరాత్రి వేళ గాయపడిన సైనికుల పడకల మధ్య నడిచే ఆమె బొమ్మను ఎన్నో ఆస్పత్రుల గోడల మీద చూసి ఉంటారు. అయితే ఒక్క విషయం గమనించండి. ఆమె 90 ఏళ్ళు జీవించారు. అందులో యుద్ధభూమి దగ్గర దీపం పట్టుకొని తిరిగిన కాలం రెండేళ్ళు కూడా లేదు. ఆ తరువాత 50 ఏళ్ళకు పైగా ఆమెను వెన్నాడిన ప్రశ్నలలో ఒకటి ఇది: నర్సు కాదలచిన అమ్మాయికి ఏమి నేర్పాలి, ఎక్కడ నేర్పాలి, ఆమె నేర్చుకున్నదో లేదో ఎలా తెలుసుకోవాలి?

మన విచారణల నుండి ఏటా ఎందరో అమ్మాయిలు, ఈ రోజుల్లో అబ్బాయిలు కూడా, నర్సింగ్ చదువుకు వెళ్తున్నారు. వారిని పంపే తల్లిదండ్రులు మీరే. వారు రేపు నిలబడబోయే మంచం మీద పడుకునే రోగులమూ మనమే. కాబట్టి ఈ ప్రశ్న మనదే. ఆ మహనీయురాలి జీవితాన్ని ఈ వైపు నుండి ఒకసారి చూద్దాం.

ఇంట్లో ఒప్పుకోని చదువు

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించారు. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండుకు చెందిన సంపన్నులు. తండ్రి విలియం తన ఇద్దరు కూతుళ్ళకు తానే లాటిన్, గ్రీకు భాషలు, చరిత్ర, తత్వశాస్త్రం నేర్పారు. ఫ్లోరెన్స్‌కు లెక్కలంటే మహా ఇష్టం. 16 ఏళ్ళ వయసులో, 1837 ఫిబ్రవరిలో, దేవుడు తనను సేవకు పిలుస్తున్నాడని ఆమెకు గట్టిగా తోచింది. అయితే ఆ సేవ ఏమిటో తేలడానికి ఏళ్ళు పట్టింది.

1845లో సాలిస్‌బరీ ఆస్పత్రిలో కొన్ని నెలలు ఉండి రోగుల సేవ నేర్చుకుంటానని ఆమె ఇంట్లో అడిగారు. తల్లి, అక్క హడలిపోయారు. వారి భయం పూర్తిగా నిష్కారణం కాదు. ఆనాటి ఆస్పత్రి నర్సులు ఎక్కువగా చదువూ శిక్షణా లేని పేద స్త్రీలు. తాగుడు సర్వసాధారణం. పెద్దింటి ఆడపిల్ల అటువంటి చోటికి వెళ్ళడం కుటుంబానికి తలవంపులుగా భావించారు. ఆమె కోరిక అప్పటికి ఆగిపోయింది.

కాని నేర్చుకోవడం మాత్రం ఆగలేదు. తెల్లవారకముందే లేచి ఆస్పత్రుల నివేదికలు, ఆరోగ్య గణాంకాలు చదివి సొంతంగా పట్టికలు రాసుకునేవారు. 1847-48 శీతాకాలంలో రోమ్ నగరంలో ఉన్నప్పుడు త్రినితా దెయి మోంతి మఠంలో పది రోజులు ఏకాంత ధ్యానంలో గడిపారు. అక్కడి మదర్ శాంతా కొలొంబా ఆమెకు ఆధ్యాత్మిక మార్గదర్శి అయ్యారు. నైటింగేల్ ఆంగ్లికన్ సంఘ సభ్యురాలు. కడదాకా అలాగే ఉన్నారు. అయినా కథోలిక కన్యాస్త్రీల పనితీరును ఆమె ఎంతో శ్రద్ధగా గమనించారు. ఒక పనికి అంకితమైన స్త్రీలు ఒక క్రమశిక్షణ కింద కలిసి బతకడం ఆమెను ఆకర్షించింది.

1850లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ప్రొటెస్టెంటు డీకనెస్‌లు నడిపే ఆస్పత్రిని చూసి, 1851లో మళ్ళీ వెళ్ళి మూడు నెలలు అక్కడే ఉన్నారు. 1853లో పారిస్‌లో ఉపకార సోదరీల ఆస్పత్రులను పరిశీలించారు. అదే ఏడు ఆగస్టులో లండన్‌లో జబ్బుపడిన స్త్రీల కోసం ఉన్న ఒక చిన్న ఆస్పత్రికి అధికారిణి అయ్యారు. అప్పటికి ఆమెకు 33 ఏళ్ళు. ఇల్లు అనుమతించిన కొద్దిపాటి అవకాశాలలో, ముక్కలు ముక్కలుగా ఆమె కూడగట్టుకున్న చదువు ఇది. ఒక క్రమమైన బడి లేకపోతే ఎంత కష్టమో ఆమెకు స్వానుభవంతోనే తెలుసు.

స్కుటారిలో తేలిన నిజం

1854లో బ్రిటన్ క్రిమియా యుద్ధంలోకి దిగింది. గాయపడిన బ్రిటిష్ సైనికులు తుర్కీలోని స్కుటారి ఆస్పత్రిలో దిక్కులేక చనిపోతున్నారని పత్రికలు రాశాయి. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరగా నైటింగేల్ 38 మంది స్త్రీలతో అక్టోబరు 21న బయలుదేరి నవంబరు 4న స్కుటారి చేరారు.

ఆ 38 మందిలో పదిమంది కథోలిక కన్యాస్త్రీలు. ఐదుగురు లండన్‌లోని బెర్మండ్‌సీ మఠం నుండి వచ్చిన కరుణా సోదరీలు. వారి శ్రేష్ఠురాలు మదర్ మేరీ క్లేర్ మూర్. మిగిలిన ఐదుగురు నార్‌వుడ్‌లో అనాథ బాలికల ఆశ్రమం నడిపేవారు. వచ్చినవారందరూ ప్రేమతో, త్యాగబుద్ధితో వచ్చినవారే. కాని ఫలితం ఒకేలా లేదు. బెర్మండ్‌సీ సోదరీలకు పేదల ఇళ్ళలో, కలరా రోజుల్లో రోగులను చూసిన అనుభవం ఉంది. వారు నైటింగేల్‌కు కుడిభుజం అయ్యారు. పిల్లలను పెంచడంలో నేర్పరులైన నార్‌వుడ్ సోదరీలకు ఆస్పత్రి పని ఎన్నడూ అలవాటు లేదు. వారిని ఆ చలికాలంలోనే వెనక్కి పంపవలసి వచ్చింది. జీతం మీద వచ్చిన ఆస్పత్రి నర్సులలోనూ కొందరిని తాగుడు వల్ల తిప్పి పంపారు.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నార్‌వుడ్ సోదరీల భక్తిలో లోపం లేదు. ప్రేమలో లోపం లేదు. వారు నేర్చిన పని వేరు, అక్కడ కావలసిన పని వేరు, అంతే. మంచి మనసు ఉంటే చాలు, సేవ దానంతట అదే వస్తుందనుకుంటాం. మంచి సమరయుడు కూడా జాలిపడి ఊరుకోలేదు కదా! గాయాలకు నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టాడు. గాయాన్ని కడగడం, కట్టు కట్టడం చేతికి రావలసిన విద్య.

మదర్ మేరీ క్లేర్ మూర్ గురించి ఒక మాట చెప్పాలి. యుద్ధం చివర ఆమె ఇంగ్లండుకు తిరిగి వెళ్ళినప్పుడు, ఆ ఆస్పత్రిని నడిపే అర్హత తనకంటే ఆమెకే ఎక్కువ ఉన్నదని నైటింగేల్ ఉత్తరంలో ఒప్పుకున్నారు. 1874లో మదర్ మరణించేవరకు వారి స్నేహం చెక్కుచెదరలేదు.

స్కుటారి ఇంకో కఠినమైన పాఠం కూడా నేర్పింది. నర్సులు రాత్రింబగళ్ళు కష్టపడినా మొదటి చలికాలంలో చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది చొప్పున చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వచ్చి, ఆస్పత్రి కింద పూడిపోయిన మురుగు కాలువలు శుభ్రం చేయించి, గాలి ఆడే ఏర్పాటు చేసింది. జూన్ నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు దిగింది. యుద్ధం ముగిశాక గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కూర్చొని ఆ లెక్కలు విప్పి చూసినప్పుడు, గాయాలకంటే మురికే ఎక్కువమందిని చంపిందని నైటింగేల్‌కు స్పష్టమయింది. అప్పటినుండి ఆమె దృష్టిలో నర్సు విద్య అంటే కట్లు కట్టడం ఒక్కటే కాదు. గాలి, వెలుతురు, మంచినీరు, శుభ్రత, ఆహారం, వీటన్నిటి మీద కన్నేసి ఉంచడం కూడా. 1859-60లో వెలువడిన ఆమె నర్సింగ్ పుస్తకం నిండా ఉన్నది ఇదే.

వార్డులోనే బడి

యుద్ధం సాగుతుండగానే ఆమె పేరిట ప్రజలు ఒక నిధి పోగుచేశారు. 44 వేల పౌండ్లు దాటింది. ఆ ధనంతో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేల్ నర్సు శిక్షణాలయం మొదలయింది.

బడి అంటే వేరే భవనం, బల్లలు, నల్లబోర్డు అని మనం ఊహిస్తాం. ఆమె అలా తలచలేదు. ఆస్పత్రి వార్డే తరగతి గది. అక్కడి వార్డు సిస్టర్, అంటే వార్డుకు పెద్ద అయిన నర్సే గురువు. అమ్మాయిలకు ఒక సంవత్సరం శిక్షణ. ఆ ఏడాదికి బస, భోజనం, దుస్తులతోపాటు పది పౌండ్ల జీతం. శిక్షణ ముగిశాక నిధి పెద్దలు చూపిన ఆస్పత్రిలో కొన్నేళ్ళు పనిచేస్తామని వారు ఒప్పుకోవాలి.

వీటన్నిటిలో మనం ముఖ్యంగా గమనించవలసినది ఒక కాగితం. ప్రతి అమ్మాయి పేరిట ప్రతి నెలా ఒక పట్టిక నింపేవారు. ఒక వైపు నడవడి: వేళకు రావడం, నెమ్మది, నమ్మకం, శుభ్రత, వార్డును క్రమంగా ఉంచడం. రెండో వైపు పని: కాలిన గాయాలకు, పుండ్లకు కట్టు కట్టడం, కాపడం పెట్టడం, ఆ రోజుల్లో వైద్యమైన జలగలు పట్టించడం, ఎనీమా ఇవ్వడం, కదలలేని రోగిని కదిపి, కడిగి, తినిపించి, పడకపుండ్లు పడకుండా చూడడం, రోగి కింద పక్క సర్దడం, శస్త్రచికిత్స సమయంలో అందుకొని ఉండడం, జబ్బు మనిషికి తగిన జావలూ పానీయాలూ చేయడం, గది గాలి తాజాగా ఉంచడం. అన్నిటికంటే పైన, రోగిని గమనించడం: నాడి, ఊపిరి, నిద్ర, ఆకలి, చర్మం, గాయం తీరు, మందు పనిచేసిన తీరు. ఒక్కొక్క పనికి ఎదురుగా చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, సరిగా లేదు, సున్న అని గుర్తు వేయాలి.

ఈ అమ్మాయి ఎన్ని పుస్తకాలు చదివింది అని కాక, రోగి దగ్గర ఏమి చేయగలదు అని అడిగిన కాగితం అది. ఈనాడు నర్సింగ్ విద్యావేత్తలు నైపుణ్యాల ఆధారంగా విద్య అంటున్నది 160 ఏళ్ళ కిందటే ఆ పట్టికలో మొలకెత్తింది.

పట్టిక నిండింది, పని నిండలేదు

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. దీని తరువాతి భాగం అంతగా చెప్పుకోరు. కాని మనకు కావలసింది అదే.

క్రిమియా నుండి వచ్చాక నైటింగేల్ ఆరోగ్యం దెబ్బతిన్నది. ఎక్కువకాలం గది దాటేవారు కాదు. పైగా సైనికుల ఆరోగ్యం, భారతదేశ పారిశుధ్యం వంటి పనులు ఆమెను ముంచెత్తాయి. బడి బాధ్యత ఆస్పత్రి మేట్రన్ శ్రీమతి వార్డ్‌రోపర్ మీద పడింది. నెలనెలా పట్టికలు నిండుతూనే ఉన్నాయి. శిక్షణ పొందిన నర్సులను పంపమని ఎక్కడెక్కడి నుండో పిలుపులు వచ్చేవి. 1865లో ఆ బడిలో నేర్చుకున్న ఆగ్నెస్ జోన్స్ పన్నెండుమంది నర్సులతో లివర్‌పూల్ అనాథశరణాలయపు ఆస్పత్రికి వెళ్ళారు. వెయ్యిమందికి పైగా నిరుపేద రోగుల మధ్య పనిచేసి, 1868లో టైఫస్ జ్వరంతో ప్రాణం విడిచారు. బయటికి బడి పేరు వెలిగిపోతున్నది.

1871లో సెయింట్ థామస్ ఆస్పత్రి థేమ్స్ నది ఒడ్డున పెద్ద కొత్త భవనంలోకి మారింది. పడకలు పెరిగాయి, పనీ పెరిగింది. ఆ తరుణంలో నైటింగేల్, నిధి కార్యదర్శి హెన్రీ బోన్‌హామ్ కార్టర్ బడి లోపలి సంగతులు నిదానంగా విచారించారు. తేలినది చేదు నిజం. పాఠాలు చెప్పవలసిన వైద్యుడు విట్‌ఫీల్డ్ చాలాకాలంగా పాఠాలు సరిగా చెప్పడం లేదు. వార్డు సిస్టర్లలో చాలామందికి నేర్పే తీరిక లేదు, కొందరికి నేర్పే ఓపికా లేదు. అమ్మాయిలను విద్యార్థినులుగా కాక అదనపు చేతులుగా వాడుకుంటున్నారు. పని చేయిస్తున్నారు, పని ఎందుకు అలా చేయాలో చెప్పడం లేదు.

అంటే తప్పు రెండు వైపులా జరగవచ్చునన్నమాట. పుస్తకం ఉండి వార్డు లేకపోతే చదువు గాలిలో ఉంటుంది. వార్డు ఉండి గురువు లేకపోతే అది చదువే కాదు, చాకిరీ. వార్డులో నేర్పాలన్న గొప్ప ఆలోచన కూడా, దగ్గర నిలబడి చెప్పేవారు లేనప్పుడు వట్టిపోయింది.

ప్రపంచమంతా పొగుడుతున్న తన సొంత బడిలో ఈ లోపం కనిపించినప్పుడు నైటింగేల్ దాన్ని కప్పిపుచ్చలేదు. అప్పటికి ఆమెకు 50 దాటాయి. అనారోగ్యంతోనే దిద్దుబాటుకు పూనుకున్నారు. విట్‌ఫీల్డ్ స్థానంలో శస్త్రవైద్యుడు జాన్ క్రాఫ్ట్ వచ్చి క్రమంగా పాఠాలు చెప్పారు. అమ్మాయిల వసతిలో ఉండి, విన్న పాఠాన్ని వార్డులో చూసిన దానితో కలిపి అర్థం చేయించడానికి హోమ్ సిస్టర్ అనే కొత్త పదవి ఏర్పడింది. ఏ రోజు ఏమి చేశారో, ఏ రోగిని ఎలా చూశారో అమ్మాయిలు స్వయంగా రాయాలన్న నియమం పట్టుబడింది. నైటింగేల్ వారిని ఒక్కొక్కరిగా తన ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, మాట్లాడి, తరువాత ప్రతి ఒక్కరి గురించి తన నోటు పుస్తకంలో రాసుకునేవారు. 1872 నుండి దాదాపు ఏటా వారికి ఒక పెద్ద ఉత్తరం రాశారు. పైవారు నింపిన పట్టికను మాత్రమే నమ్మక, నేర్చుకుంటున్న పిల్లను అడిగి నిజం తెలుసుకోవడం, ఆమె చేసిన గొప్ప మార్పు ఇదే.

పరీక్షా, పేరు నమోదా?

ఆమె చివరి దశలో ఒక పెద్ద వాదం లేచింది. 1887లో శ్రీమతి బెడ్‌ఫర్డ్ ఫెన్‌విక్ నాయకత్వాన నర్సుల సంఘం ఒకటి ఏర్పడి, వైద్యులకు ఉన్నట్లే నర్సులకూ పరీక్ష, రిజిస్టరు ఉండాలని కోరింది. నైటింగేల్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఒక రోజు రాసిన పరీక్ష నర్సు సహనాన్ని, చూపును, చేతి నేర్పును కొలవలేదని ఆమె వాదం. ఒకసారి రిజిస్టరులో పేరు ఎక్కితే, పదేళ్ళ తరువాత ఆ నర్సు ఎలా పనిచేస్తున్నదో ఆ రిజిస్టరు చెప్పదు కదా అని ఆమె ప్రశ్న.

ఈ వాదంలో కాలం ఎదుటి పక్షం వైపే మొగ్గింది. 1919లో ఇంగ్లండులో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. శిక్షణ లేనివారి నుండి రోగులను కాపాడటానికి రిజిస్టరు అవసరమని ప్రపంచం ఒప్పుకొంది. మనదేశంలో 1947 నాటి చట్టంతో భారత నర్సింగ్ కౌన్సిల్ ఏర్పడింది. అయినా నైటింగేల్ అడిగిన ప్రశ్నకు కాలం చెల్లలేదు. సర్టిఫికెట్ తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్ళాక రోగి చేయి పట్టుకునేది సర్టిఫికెట్ కాదు.

మన నేల మీద

నైటింగేల్ ఎన్నడూ భారతదేశంలో అడుగుపెట్టలేదు. అయినా దాదాపు 40 ఏళ్ళు ఈ దేశ ఆరోగ్యం కోసం రాస్తూనే ఉన్నారు. 1865లో ఇక్కడి ఆస్పత్రులలో నర్సింగ్ ఎలా ఉండాలో సూచనలు రాశారు. మన గోదావరి జిల్లాలు తలచుకునే సర్ ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదనను, మద్రాసు కరవు రోజుల్లో ఆమె బలపరిచారు.

పడక పక్కనే నేర్పడం మన గుంటూరులోనూ జరిగింది. ఆస్ట్రేలియాలో పుట్టిన డాక్టర్ మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో చేరి కన్యాస్త్రీ అయ్యారు. ఆమె సేవలో సెయింట్ జోసఫ్ ఆస్పత్రి పెరిగింది. ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలరు? అందుకే ఇక్కడి స్త్రీలకే నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పారు. 1943లో కథోలిక ఆస్పత్రుల సంఘానికి పునాది వేసి, 1957లో కన్నుమూశారు.

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో బి.ఎస్సీ. నర్సింగ్‌కు కొత్త పాఠ్యక్రమం ప్రకటించింది. సెమిస్టర్ పద్ధతితోపాటు, ఏ పని ఎన్నిసార్లు చేశారో రాసే లాగ్‌బుక్కు, చేసి చూపించే పరీక్షలు అందులో ఉన్నాయి. నైటింగేల్ పట్టిక కొత్త రూపంలో తిరిగి వచ్చిందనుకోండి. అయితే ఆమె అనుభవం మనల్ని హెచ్చరిస్తూనే ఉంటుంది. లాగ్‌బుక్కు నిండినంత మాత్రాన చేయి నేర్చినట్లు కాదు. చేయని పనికి సంతకం పడితే, దాని వెల చెల్లించేది ఎవరో ఊహించుకోండి: ఏదో ఒక రాత్రి, ఒంటరిగా డ్యూటీలో ఉన్న ఆ అమ్మాయి, ఆమె ఎదుట ఊపిరి అందని రోగి.

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డను నర్సింగ్ కాలేజీలో చేర్చేముందు ఫీజు, హాస్టలు అడిగి ఊరుకోకండి. ఈ కాలేజీకి సొంత ఆస్పత్రి ఉన్నదా, లేకపోతే ఏ ఆస్పత్రికి పంపుతారు? అక్కడ నిజంగా రోగులున్నారా? వార్డులో పిల్లల పక్కన నిలబడి చెప్పే టీచరు ఉన్నారా? సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డను మార్కులు అడిగినట్లే, ఈ నెల నీ చేతులతో ఏమి నేర్చుకున్నావమ్మా అని కూడా అడగండి. తెలియదని చెప్పడానికి భయపడవద్దని ధైర్యం చెప్పండి. ఆస్పత్రులు నడిపే పెద్దలారా, శిక్షణకు వచ్చిన పిల్లలు అదనపు చేతులు కారు. మీ సీనియర్ నర్సులకు నేర్పడానికి కాస్త తీరిక ఇవ్వండి.

నైటింగేల్ 1910 ఆగస్టు 13న లండన్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామంటే, ఆమె కోరిక ప్రకారం బంధువులు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో తల్లిదండ్రుల పక్కనే ఆమెను ఉంచారు. ఆ రాతి మీద ఆమె కోసం చెక్కినవి పేరులోని రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే.

ఆమె పుట్టిన మే 12ను ప్రపంచం నర్సుల దినంగా జరుపుకుంటుంది. ఆ రోజు మీ విచారణలోని నర్సులకు ఒక పువ్వు ఇవ్వండి, మంచిదే. దానితోపాటు, ఈ ఏడు నర్సింగ్‌లో చేరిన పిల్లను వారి దగ్గర కూర్చోబెట్టి, పనిలో వారు నేర్చుకున్నది ఒక పూట చెప్పించండి.